చిత్తూరు, తిరుపతి వైపు హైడ్రోజన్ బంకు పెట్టాలంటే: ట్రైలరా, ఎలక్ట్రోలైజరా? 350 బారా, 700 బారా?

హైడ్రోజన్ బంకు గురించి ఆరా తీసేవాళ్లు చాలామంది "ఎలక్ట్రోలైజర్ ఎంతవుతుంది?" అని మొదలుపెడతారు. కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసే యంత్రం అది. కానీ దాని ధర మూడో ప్రశ్న. రోజుకు ఎన్ని కిలోలు కావాలి, అవి ఏ గంటల్లో కావాలి అన్నది మొదటిది. వచ్చే బండి ట్యాంకు 350 బార్‌దా, 700 బార్‌దా (బార్ అంటే గ్యాసు పీడనం కొలత) అన్నది రెండోది. ఈ రెండూ తేలితే గ్యాసును ట్రైలర్ లారీలో తెప్పించుకోవాలో, అక్కడే తయారు చేసుకోవాలో దాదాపు దానంతటదే తేలిపోతుంది. వరస తిరగేసి ముందు యంత్రం కొన్నవాళ్లు తర్వాత దానికి సరిపడే బండ్ల కోసం వెతుక్కోవాల్సి వస్తుంది.

వీటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఆ దారికి అసలు హైడ్రోజన్ కావాలా?

కొండ మీదికి వద్దు, బెంగళూరు రోడ్డుకు చూడొచ్చు

తిరుపతిలో హైడ్రోజన్ బస్సు అనగానే అందరి కళ్లూ తిరుమల ఘాట్ మీదికి పోతాయి. లెక్క వేసి చూడండి. కింద నుంచి పైకి ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. జనంతో కలిపి 15 టన్నుల బస్సును అంత ఎత్తుకు లేపడానికే 28, 29 యూనిట్ల శక్తి కావాలి. టైర్ల రాపిడి, ఏసీ కలిపితే 38 దాకా పోతుంది. కిలో హైడ్రోజన్‌లో ఉండేది 33.3 యూనిట్లు. ఫ్యూయల్ సెల్ (హైడ్రోజన్‌ను కరెంటుగా మార్చే పరికరం) దాటి చక్రానికి చేరేది అందులో సగం. అంటే ఒక్కసారి కొండెక్కడానికి రెండు కిలోలకు పైనే ఖర్చు. దిగేటప్పుడు బ్యాటరీ బస్సు ఆ శక్తిలో కొంత వెనక్కి లాక్కుంటుంది. ఫ్యూయల్ సెల్ బస్సులోనూ బ్యాటరీ ఉంటుంది గానీ చిన్నది, సగం దారిలోనే నిండిపోతే మిగిలిందంతా వేడిగా పోవాల్సిందే. పైగా ఘాట్ బస్సు గంట గంటకూ కిందికి వస్తూనే ఉంటుంది కాబట్టి ఛార్జింగుకు వీలు దొరుకుతుంది. ఆర్టీసీ 2022లోనే అలిపిరి డిపోకు ఎలక్ట్రిక్ బస్సులు తెచ్చింది. ఆ దారికి అదే సరైన ఎంపిక. శ్రీసిటీ నుంచి చెన్నై రేవుకు తిరిగే కంటైనర్ లారీలదీ ఇదే కథ, దూరం తక్కువ.

హైడ్రోజన్‌కు పని ఉన్నది వేరే చోట. చిత్తూరు నుంచి పలమనేరు, కోలారు మీదుగా బెంగళూరు పోయి అదే రోజు తిరిగొచ్చే బస్సులు. సీజన్‌లో రాత్రీ పగలూ ఆగకుండా తిరిగే మామిడి గుజ్జు లారీలు, పాల ట్యాంకర్లు. రోజుకు 350, 400 కిలోమీటర్లు నడుస్తూ గంటల తరబడి ఛార్జర్ దగ్గర నిలబడే తీరిక లేని బండ్లు ఇవి. బ్యాటరీ బరువు పెరిగిన కొద్దీ వీటిలో సరుకు బరువు తగ్గుతుంది. మీ బండి ఈ కోవలోకి రాకపోతే ఇక్కడే ఆగిపోవచ్చు, డబ్బు మిగులుతుంది.

ఒక సంగతి గుర్తుంచుకోండి. 2025 మార్చిలో కేంద్రం హైడ్రోజన్ బస్సులు, లారీల కోసం 10 దారులు, 37 బండ్లు, 9 బంకులు ప్రయోగాత్మకంగా మంజూరు చేసింది. మన రాష్ట్రానికి అందులో దక్కింది జాతీయ రహదారి 16 మీద విశాఖపట్నం–బయ్యవరం దారి. తిరుపతి, చిత్తూరు ఆ జాబితాలో లేవు. కాబట్టి ఇక్కడ ఎవరు బంకు పెట్టినా సొంత బండ్లను నమ్ముకునే పెట్టాలి. రోడ్డున పోయే బండి వచ్చి ఆగుతుందన్న లెక్క వేసుకోవద్దు.

రోజుకు ఎన్ని కిలోలు కాదు, గంటకు ఎన్ని

ఒక నమూనా తీసుకుందాం. బెంగళూరు దారిలో 6 బస్సులు, ఒక్కోటి రోజుకు 350 కిలోమీటర్లు. 12 మీటర్ల బస్సు 100 కిలోమీటర్లకు 8 కిలోల దాకా తాగుతుంది. బస్సుకు 28 కిలోలు, మొత్తం 170 కిలోలు.

అమ్మేవాళ్లు "రోజుకు 200 కిలోల స్టేషన్" అని కొటేషన్ ఇస్తారు. వినడానికి సరిపోయినట్టే ఉంటుంది. కానీ ఆరు బస్సులూ రాత్రి 9, 11 మధ్య వరసగా డిపోకు చేరితే? గంటకు 10 కిలోల కంప్రెసర్ రెండు గంటల్లో ఇచ్చేది 20 కిలోలు. మిగిలిన 150 కిలోలూ నిల్వ సిలిండర్ల నుంచి రావాలి. ఆ సిలిండర్లు తక్కువ, మధ్య, ఎక్కువ పీడనాల మూడు వరసలుగా ఉంటాయి. బస్సు ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు తక్కువ వరస నుంచి మొదలై చివర్లో ఎక్కువ వరసకు మారుతుంది. నిల్వ పీడనం బస్సు ట్యాంకు పీడనానికి దగ్గర పడగానే ప్రవాహం ఆగిపోతుంది కాబట్టి సిలిండర్లలో ఉన్నదాంట్లో చేతికొచ్చేది దాదాపు 40 శాతమే. అంటే 150 కిలోలు ఇవ్వాలంటే 375 కిలోల నిల్వ ఉండాలి. అది లేకపోతే మొదటి రెండు బస్సులు చక్కగా నిండుతాయి, మూడోది నీరసంగా నిండుతుంది, నాలుగోది కంప్రెసర్ వైపు చూస్తూ నిలబడుతుంది.

అదే మూడు బస్సులను మధ్యాహ్నం, మూడింటిని రాత్రి నింపేటట్టు సర్దితే 185 కిలోల నిల్వ చాలు. అధిక పీడన సిలిండర్లు కొనడం కంటే టైంటేబుల్ మార్చడం చాలా చవక. డిపో మేనేజర్‌ను కూర్చోబెట్టుకోకుండా బంకు డిజైన్ మొదలుపెట్టవద్దనేది అందుకే.

350కే ఓటు

పీడనం రెట్టింపు చేస్తే గ్యాసు రెట్టింపు పట్టదు. 350 బార్ దగ్గర లీటరుకు 24 గ్రాములు, 700 దగ్గర 40 గ్రాములు. 30 కిలోలకు 350 బార్ ట్యాంకులైతే 1,250 లీటర్ల చోటు కావాలి, 700 అయితే 750. బస్సు పైకప్పు మీద ఆ చోటు ఉంటుంది. కారుకు ఉండదు, అందుకే టొయోటా మిరాయ్ 5.6 కిలోలను 700 బార్ మీద మోస్తుంది. మన దేశంలో తిరిగే ఫ్యూయల్ సెల్ బస్సులు ఎక్కువగా 350 మీదే నడుస్తున్నాయి.

700కు పోతే బంకులో ఏం మారుతుందో చూడండి. నిల్వ 900 బార్ దాటాలి. సిలిండర్లు, వాల్వులు, గొట్టాలు అన్నీ ఆ తరగతివి కావాలి. గ్యాసును నాజిల్‌కు చేరేముందు మైనస్ 33 నుంచి మైనస్ 40 డిగ్రీలకు చల్లార్చాలి. ఎందుకంటే ఖాళీ ట్యాంకులోకి వేగంగా నింపితే లోపలి గ్యాసు నొక్కుకుని వేడెక్కుతుంది. దానికి తోడు మామూలు ఉష్ణోగ్రతల్లో హైడ్రోజన్ వాల్వు దాటి వ్యాకోచించినప్పుడు చాలా గ్యాసుల్లాగా చల్లబడదు, కొంచెం వేడెక్కుతుంది. ట్యాంకు 85 డిగ్రీలు దాటకూడదు. దాటబోతే డిస్పెన్సర్ (గ్యాసు నింపే పంపు) ఆపేస్తుంది.

ఇక్కడ మన వాతావరణం రెండు వైపులా దెబ్బ కొడుతుంది. మే నెలలో రేణిగుంట వైపు 42, 43 డిగ్రీల ఎండలో కూలర్ మీద భారం పెరిగి నింపే వేగం తగ్గుతుంది. అక్టోబరు, నవంబరు వానల్లో గాలిలోని తేమ మైనస్ 40 నాజిల్ మీద మంచుగా కట్టి నాజిల్ బండికి అతుక్కుపోతుంది. అప్పుడు ఆపరేటర్ చేసే పెద్ద తప్పు బలంగా లాగడం. లాగితే లోపలి సీలు చిరుగుతుంది, మరుసటి బండికి లీకు మొదలవుతుంది. ఒకటి రెండు నిమిషాలు ఆగి, పొడి నైట్రోజన్ ఊది, తిప్పకుండా నేరుగా తీయాలి. నైట్రోజన్ ఊదే అమరిక లేని 700 బార్ డిస్పెన్సర్‌ను ఈ జిల్లాల్లో కొనకండి.

350 బార్‌లో అంత లోతైన చల్లదనం అక్కర్లేదు. నెమ్మదిగా నింపితే కూలర్ లేకుండానూ గడుస్తుంది, కాకపోతే బస్సు అరగంట పైన నిలబడాలి. మైనస్ 20 దాకా దించే చిన్న కూలర్ పెడితే పావుగంటలోపు పనవుతుంది. ఎండాకాలంలో పగలు మూడింటికి కంటే రాత్రి పదింటికి నింపితే అదే కూలర్ ఎక్కువ పని చేస్తుంది. నిల్వ లెక్కలో టైంటేబుల్ పగటికీ రాత్రికీ పంచమన్నాం కదా, ఇది దానికి ఎదురు. ఏప్రిల్, మే నెలలకు మధ్యాహ్నం వరసను తెల్లవారుజామున అయిదింటికి జరిపితే రెండూ కుదురుతాయి.

రేపు 700 బార్ కార్లు వస్తే ఎలా అనే అనుమానం ఉంటుంది. మామూలు 350 నాజిల్ 700 బండికి పడుతుంది, ట్యాంకు 60 శాతం దాకా నిండుతుంది. తిరగేసి మాత్రం పట్టదు, 700 నాజిల్ 350 బండిలోకి దూరకుండానే తయారు చేస్తారు. బస్సులకు వాడే ఎక్కువ ప్రవాహపు 350 నాజిల్ కూడా కార్లకు పట్టదు. ఆర్డరు కాగితంలో ఈ తేడా రాయించకపోతే సరుకు దిగాక గొడవ.

గ్యాసు ఎక్కడి నుంచి

ట్యూబ్ ట్రైలర్ చూస్తే భారీగా కనిపిస్తుంది. పొడవాటి ఉక్కు గొట్టాలు, మొత్తం బండి 40 టన్నులు. 200 బార్ దగ్గర అందులో ఉండే హైడ్రోజన్ 300 నుంచి 400 కిలోలే. అది చేసే పని 900 లీటర్ల డీజిల్‌తో సమానం, నాలుగున్నర డ్రమ్ములు. అందులోనూ చివరి 20, 25 శాతం పీడనం చాలక ట్రైలర్‌లోనే మిగిలి వెనక్కి పోతుంది. మన 170 కిలోల డిపోకు ఒక ట్రైలర్ ఒకటిన్నర రోజు వస్తుంది. కాబట్టి రెండు ట్రైలర్లు పక్కపక్కన నిలబడే చోటు కావాలి, ఒకటి ఖాళీ అవుతుండగా రెండోది సిద్ధంగా ఉండాలి. కార్బన్ ఫైబర్ ట్రైలర్లు 500 బార్ మీద టన్ను దాకా మోస్తాయి, కానీ ఖరీదు వేరే లోకంలో ఉంటుంది.

ఇక్కడికి దగ్గరి పెద్ద పరిశ్రమల బెల్టు చెన్నై మణలి, తిరుపతికి 150 కిలోమీటర్ల లోపే. దూరం ఫర్వాలేదు. కానీ రిఫైనరీ హైడ్రోజన్ సహజ వాయువు, నాఫ్తా నుంచి వచ్చేది. గ్రీన్ అని చెప్పుకోవడానికి లేదు. మన దేశ ప్రమాణం ప్రకారం కిలో హైడ్రోజన్‌కు 2 కిలోలకు మించి కార్బన్ డయాక్సైడ్ రాకూడదు, సహజ వాయువు దారిలో అది 9 కిలోలకు పైనే. సబ్సిడీ మీద ఆశ పెట్టుకున్నవాళ్లు ఈ గీత ఎక్కడుందో ముందే చూసుకోవాలి.

స్వచ్ఛత ఇంకో గీత. ఫ్యూయల్ సెల్‌కు 99.97 శాతం కావాలి. అయితే ఆ అంకె కంటే మిగిలిన 0.03లో ఏముందన్నదే ముఖ్యం. కార్బన్ మోనాక్సైడ్ పది లక్షల పాళ్లలో 0.2 దాటకూడదు, గంధకం 0.004 దాటకూడదు. గంధకం ఫ్యూయల్ సెల్ లోపలి ప్లాటినం మీద కూర్చుంటే లేవదు. అందుకే వంటగ్యాసులో లాగా వాసన మందు కలపడానికి కూడా వీల్లేదు. కాస్టిక్ సోడా ఫ్యాక్టరీ హైడ్రోజన్ తీసుకునేవాళ్లు క్లోరిన్ జాడలకు వేరే పరీక్ష అడగాలి. హైడ్రోజన్‌ను ఇంజిన్‌లోనే మండించే లారీలైతే ఇంత పట్టింపు లేదు, 98 శాతంతోనూ నడుస్తాయి. ఫ్లీటు అంతా ఆ రకమే అయితే సరఫరా చవకవుతుంది.

అక్కడే తయారు చేసుకుంటే? కిలోకు అన్నీ కలిపి 55 యూనిట్ల కరెంటు. యూనిట్ 7 రూపాయలని వేస్తే కరెంటుకే 385, కంప్రెసర్‌కు మరో మూడు యూనిట్లు, 400 దాటింది. యంత్రం ఖరీదు, జీతాలు ఇంకా కలపలేదు. కిలో హైడ్రోజన్ బస్సును 12.5 కిలోమీటర్లు తీసుకుపోతుంది, అంతదూరానికి డీజిల్ 2.6 లీటర్లు, లీటరు 97 అనుకుంటే 252 రూపాయలు. గ్రిడ్ కరెంటుతో ఈ లెక్క పొసగదు. సొంత సోలార్ అంటారు కదా. 170 కిలోలకు రోజుకు 9,350 యూనిట్లు కావాలి, మన ఎండకు మెగావాట్ సోలార్ ఇచ్చేది 4,000 నుంచి 4,500. రెండు మెగావాట్ల పైన, తొమ్మిది పది ఎకరాలు. ఇందులో అసలు చిక్కు భూమి కాదు. రోజంతా నడిస్తే 400 కిలోవాట్ల ఎలక్ట్రోలైజర్ చాలు, ఎండ ఉన్నంతసేపే నడపాలంటే దాదాపు రెండు మెగావాట్లది కావాలి. అయిదు రెట్ల యంత్రం కొని రోజులో ముప్పాతిక భాగం ఖాళీగా పెట్టుకోవడం అన్నమాట. సోలార్, గాలి కలిపిన కరెంటును ఓపెన్ యాక్సెస్‌లో (ఉత్పత్తిదారు దగ్గరే కొని గ్రిడ్ తీగల మీదుగా) తెచ్చుకుంటేనే ఈ బేరానికి అర్థం.

ఎలక్ట్రోలైజర్లలో ఆల్కలైన్ (క్షార ద్రావణంతో నడిచే) రకం చవక, మన్నిక ఎక్కువ. కానీ మేఘం కమ్మి లోడు నాలుగో వంతు కంటే పడిపోతే ఆక్సిజన్‌లోకి హైడ్రోజన్ చేరి యంత్రం ట్రిప్ అయి ఆగిపోతుంది. మాటిమాటికీ ఆగి మొదలైతే ఎలక్ట్రోడ్లు పాడవుతాయి. పెమ్ (పల్చటి పాలిమర్ పొరతో నడిచే) రకం ఆ ఆటుపోట్లను తట్టుకుంటుంది, ధర ఎక్కువ, నీళ్ల విషయంలో మహా నాజూకు. కరెంటు నిలకడగా వచ్చే పారిశ్రామిక ఫీడరు ఉంటే ఆల్కలైన్, సోలార్‌కు నేరుగా కడితే పెమ్.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి. కిలోకు శుద్ధ జలం 9 లీటర్లే, కానీ మన బోరు నీళ్లను ఆర్ఓ పట్టి ఆపైన మిగిలిన లవణాలను పట్టే రెజిన్ దాటిస్తే బోరు నుంచి తోడాల్సింది రోజుకు 2,500 నుంచి 3,000 లీటర్లు. నెలకు 5,000 లీటర్ల ట్యాంకర్లు 15 నుంచి 18. చిత్తూరు పల్లెల్లో ఎండాకాలం ట్యాంకరు కోసం బిందెల వరసలు చూసినవాళ్లకు ఈ అంకె చిన్నదిగా కనిపించదు. మురుగు శుద్ధి చేసిన నీళ్లు దొరికే చోటైతే ముందు దాన్నే అడగండి. రెజిన్ అయిపోయిన సంగతి గమనించకపోతే కాల్షియం, సోడియం పెమ్ పొరలో చేరి వోల్టేజి మెల్లగా పెరుగుతుంది. నీటి వాహకత మీటర్‌ను యంత్రాన్ని ఆపేసే ట్రిప్పుకు కలపాలి, అలారానికి మాత్రమే కలిపితే ఎవరో ఒకరు దాన్ని నొక్కేసి టీకి పోతారు.

లేహ్‌లో ఎన్టీపీసీకి రోజుకు 80 కిలోల బంకు కట్టింది మన తిరుపతి అమరరాజా గ్రూపే. పక్కనే సోలార్, తక్కువ బస్సులు, గ్యాసు లారీలు చేరడం కష్టమైన చోటు. అక్కడ తయారీయే దారి. ఇక్కడ మణలి పక్కనే ఉంది, పరిస్థితి వేరు.

ద్రవ హైడ్రోజన్ సంగతి ఒక్క మాటలో చెప్పొచ్చు. శ్రీహరికోటలో రాకెట్‌కు సరే, మైనస్ 253 డిగ్రీల ద్రవానికి కిలోకు పది యూనిట్ల పైన అదనపు కరెంటు పోసి ఆరు బస్సులకు వాడటం దండగ.

పాడయ్యేది ఎక్కడ

కంప్రెసర్ దగ్గర, మళ్లీ కంప్రెసర్ దగ్గర. డయాఫ్రం రకంలో గ్యాసుకు నూనె తగలదు, స్వచ్ఛత బాగుంటుంది. మూడు పల్చటి లోహపు రేకులు ఉంటాయి, పగిలితే మధ్య రేకు దగ్గరి సెన్సర్ చెబుతుంది. రోజుకు ఇరవైసార్లు ఆపి మొదలుపెడితే ఆ రేకులు తొందరగా పగులుతాయి. పిస్టన్ రకం ఇలా ఆగి మొదలవడాన్ని ఓర్చుకుంటుంది, దాని సీళ్లు అరుగుతాయి. ఏ రకమైనా పెద్దది ఒకటి వద్దు, సగం సామర్థ్యంవి రెండు తీసుకోండి. ఒకటి రిపేరులో ఉన్నా సగం బస్సులు రోడ్డెక్కుతాయి. విడి రేకులు, సీళ్లు మీ స్టోర్‌లో ఉండాలి.

సీఎన్‌జీ బంకు నడిపినవాళ్లకు ఒక హెచ్చరిక. ఆ ఫిట్టింగులు ఇక్కడ పనికిరావు. గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ దూరి పెళుసు చేస్తుంది, పైపులు 316ఎల్ స్టెయిన్‌లెస్‌వే ఉండాలి. పైకప్పు కూడా సీఎన్‌జీ నమూనాలో కట్టొద్దు. దూలాల మధ్య గిన్నెలాంటి గుంతలుంటే లీకైన గ్యాసు అక్కడ చేరుతుంది. గాలిలో 4 నుంచి 75 శాతం వరకూ మండుతుంది కాబట్టి పైకప్పు కింది వైపు నునుపుగా, వాలుగా ఉండి, అత్యంత ఎత్తైన చోట డిటెక్టర్ ఉండాలి. పగటి వెలుగులో హైడ్రోజన్ మంట కంటికి కనబడదు. పూర్వం రాకెట్ కేంద్రాల్లో చీపురు ముందుకు చాచి నడిచేవారట, చీపురు అంటుకుంటే అక్కడ మంట ఉన్నట్టు. ఇప్పుడు ఆ పనికి మంటను పట్టే డిటెక్టర్లు ఉన్నాయి, వాటి అద్దాల మీద దుమ్ము తుడవడం నెలవారీ పనుల్లో రాయించాలి.

దుమ్ము ఇంకోచోట కూడా ఇబ్బంది పెడుతుంది. నాజిల్ తగిలించగానే డిస్పెన్సర్ ముందు చిన్న పీడనపు తోపు ఇచ్చి, ఆపి, లీకు చూసుకుంటుంది. తర్వాత ట్యాంకు ఉష్ణోగ్రత, పీడనం బండి నుంచి ఇన్‌ఫ్రారెడ్ ద్వారా అందుకుని వేగం సర్దుకుంటుంది. ఎర్రమట్టి పట్టి ఆ సంకేతం అందకపోతే జాగ్రత్త పడి ముందే ఆపేస్తుంది. "ఈ బంకులో రెండు కిలోలు తక్కువ పడుతుంది" అని డ్రైవర్ ఫిర్యాదు చేస్తే ముందు మీటరును అనుమానించకండి, నాజిల్ మూతి చుట్టూ గుడ్డతో తుడవండి.

స్థలం విషయంలో, పెసో (కేంద్ర పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ) నుంచి లేఅవుట్ డ్రాయింగుకు ఆమోదం వచ్చాకే పునాది తవ్వండి. కట్టాక గోడ జరపమంటే ఆరు నెలలు పోతాయి. 2021 నవంబరులో తిరుపతి ఎంత మునిగిందో తెలిసిందే, విద్యుత్ ప్యానెళ్లు, కంప్రెసర్ గద్దెలు ఆ నీటి మట్టం కంటే పైన ఉండాలి.

ఎవరికి ఏది

ఆరు నుంచి పది బస్సుల డిపో అయితే 350 బార్, ట్రైలర్ గ్యాసు, రెండు కంప్రెసర్లు, పక్కన ఎలక్ట్రోలైజర్‌కు ఖాళీ గద్దె, అక్కడిదాకా కేబుల్ ట్రెంచి. రెండు మూడు బండ్లతో ప్రయోగం చేసే కాలేజీకో పరిశోధన సంస్థకో బంకు కట్టొద్దు, లారీ మీద వచ్చే మొబైల్ రీఫ్యూయలర్ అద్దెకు తీసుకోండి. సొంత గాలి, సోలార్ కరెంటు ఉండి రోజుకు అర టన్ను దాటి వాడే ఫ్యాక్టరీకి మాత్రం ఎలక్ట్రోలైజర్ లెక్క మొదటి రోజు నుంచే వేయాలి. మిగిలినవాళ్లు మామూలు పెట్రోలు బంకులో ఒక మూల హైడ్రోజన్ పంపు పెడదామనుకుంటే ఇంకా ఆగండి.

ఏది తీసుకున్నా ఒప్పందంలో ఒక షరతు రాయించండి. అప్పగింత పరీక్ష డిసెంబరు పొద్దున ఒక బస్సుతో కాదు. మే నెలలో మధ్యాహ్నం మూడు గంటలకు, నాలుగు ఖాళీ బస్సులు వరసగా, నాలుగోదానికి కూడా ఒప్పుకున్న నిమిషాల్లోనే 95 శాతం నిండాలి. నిండాక నాజిల్ దగ్గరే గ్యాసు నమూనా తీయాలి, ట్రైలర్ దగ్గర తీసింది లెక్కలోకి రాదు. చివరి పది శాతం సొమ్ము ఆ రెండు కాగితాలూ చేతికొచ్చాకే చెల్లించాలి.